బడి మాన్పిస్తే బిడ్డ కబురు ఎలా తెలుస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

విడివిడిగా ఉంటున్న తల్లిదండ్రుల్లో ఒకరు ఇంట్లో చదివిస్తామంటారు, రెండోవారు వద్దంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ సంగతి మీదే వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. కుటుంబ కేసులు చూసే న్యాయవాది, ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పిన ప్రధానోపాధ్యాయురాలు కలిసి రాశారు. ఉత్తరాల్లోని పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: అమ్మగారికి, అయ్యగారికి నమస్కారం. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నేను, బాబు శ్రీకాకుళంలో మా అమ్మావాళ్లింట్లో ఉంటున్నాం. ఆయన ఉద్యోగం గాజువాకలో. విడాకుల కేసు నడుస్తోంది. ఆదివారాలు వచ్చి బాబుని తీసుకెళ్తారు, ఫీజులో సగం కడతారు. బాబు చదివే ప్రైవేటు బడిలో పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఐదు. బట్టీ, దెబ్బలు. రోజూ ఏడుస్తూ వెళ్తున్నాడు. నాకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఉంది, నేనే చదివించుకుంటానంటే ఆయన "కోర్టులో చెబుతా" అంటున్నారు. ఇంటి చదువుకి చట్టం ఒప్పుకుంటుందా? ఆయన సమ్మతి తప్పనిసరా? – ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: ముందు చట్టం సంగతి చూద్దాం, అమ్మా. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని సెక్షన్ 10 చెబుతోంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు జరిమానా గానీ జైలు గానీ ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును నిషేధిస్తూ ఒక్క మాట లేదు, గుర్తిస్తూనూ లేదు. బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు మాత్రమే మినహాయింపు. అది కింద బొబ్బిలి ఉత్తరంలో వస్తుంది. అందుకే భార్యాభర్తలిద్దరూ ఒక మాట మీద ఉండి ఇంట్లో చదివించుకుంటే ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు. మీ విషయంలో అడ్డు చెప్పే హక్కున్న మనిషి ఉన్నారు, చూపడానికి ఆయనకు సెక్షన్ 10 కూడా ఉంది.

ఇక సమ్మతి. బాబు మీ దగ్గర ఉంటున్నాడు కాబట్టి చదువు నిర్ణయం కూడా మీ ఒక్కరిదే అనుకోవద్దు. తండ్రి పట్టించుకోనప్పుడు ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవారు ఆదివారాలు వస్తున్నారు, ఫీజు కడుతున్నారు. పట్టించుకోని తండ్రి అని జడ్జి ముందు మీరు అనలేరు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 13 ప్రకారం కోర్టు చూసేది బిడ్డ క్షేమమే. తల్లి హక్కూ తండ్రి హక్కూ ఆ తర్వాతే. సాగుతున్న చదువును మార్చమని అడిగేవారే, మారిస్తే బిడ్డకు ఏం మేలో చూపించాలి. ఇక్కడ మార్చమంటున్నది మీరు.

బడి మార్చి చూశారా? మీరు రాసిన బాధంతా ఆ ఒక్క బడి గురించే: తొమ్మిది గంటలు, బట్టీ, దెబ్బలు. పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం నిషేధం. దెబ్బల సంగతి తేదీలతో రాసి ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. మీ పేటలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్లి ఒక పూట కూర్చుని చూడండి. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోనని ఏ బడీ అనకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు. సెక్షన్లు 5, 15 ఆ మాటే చెబుతున్నాయి. బడి మార్పుకి మీవారు ఒప్పుకునే అవకాశం, ఇంటి చదువుకి ఒప్పుకునే అవకాశం కన్నా చాలా ఎక్కువ. మా ఉద్దేశంలో మీకు మొదటి దారి ఇదే.

అదీ చూసి, కాదనుకున్నాకే ఇంటి చదువు మాట. అప్పుడైనా ఆయన భయం ఏమిటో ముందు గ్రహించండి. వేరుగా ఉంటున్న తండ్రికి మిమ్మల్ని అడగకుండా బిడ్డ చదువు కబురు తెలిసే దారి బడి ఒక్కటే. ప్రోగ్రెస్ కార్డు, హాజరు, పేరెంట్స్ మీటింగ్, బడి పిల్లల వాట్సాప్ గ్రూపు, గేటు దగ్గర కనిపించే టీచరమ్మ – వీటి కోసం ఆయన మిమ్మల్ని అడగక్కర్లేదు. బడి మాన్పిస్తే ఇవన్నీ ఒకే రోజున పోతాయి. ఇక బిడ్డ చదువు గురించి ఏది తెలియాలన్నా మీ నోటి నుంచే తెలియాలి. ఇద్దరి మధ్య మాటలే సరిగా లేనప్పుడు ఇది ఆయనకు మింగుడుపడే సంగతి కాదు. "ఇంటి చదువు మంచిదా, బడి చదువు మంచిదా" అని ఎన్ని నెలలు వాదించుకున్నా తెగదు. పోయే దారులకు బదులు ఏం ఇస్తారో కాగితం మీద పెడితే చాలా గొడవలు అక్కడికే తగ్గుతాయి.

ఆ కాగితంలో ఏముండాలో చెబుతాం. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అని విద్యా హక్కు చట్టం షెడ్యూల్లో ఉంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1000 గంటలు. ఒక్క పిల్లవాడికే చెప్పేటప్పుడు అంత సేపు పట్టకపోవచ్చు. అయినా లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు నిలబడే అంకె అదే కాబట్టి రోజుకి నాలుగు గంటలు రాసుకోండి: తెలుగు గంట, గణితం గంట, ఇంగ్లీషు ముప్పావు గంట, పరిసరాల విజ్ఞానం ముప్పావు గంట, బొమ్మలకీ చేతిపనికీ అరగంట. పుస్తకాలు రాష్ట్ర ప్రభుత్వానివే పెట్టండి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ఆ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రేపు బడికి తిరిగి వెళ్లాల్సి వస్తే పాఠాలు కలుస్తాయి.

ఏ గంటలో ఎవరు చెబుతారో కూడా రాయాలి. ఇంటి నుంచి ఉద్యోగం అన్నారు. ఆఫీసు కాల్ పది నుంచి ఒంటిగంట దాకా ఉంటే ఆ మూడు గంటలు బాబు దగ్గర కూర్చునేది ఎవరు? అమ్మమ్మా, ఫోనా? ఇంటి చదువు ఎక్కువగా చెడేది ఇక్కడే. మొదటి నెల ఉత్సాహంగా సాగుతుంది, రెండో నెలకి పాఠం రాత్రి ఎనిమిదింటికి జరుగుతుంది, నాలుగో నెలకి వీడియోలు చూడటమే చదువవుతుంది. మీ ఉద్యోగ వేళలకు బయట రోజుకి మూడు గంటలైనా ఖాళీ లేకపోతే ఈ ఆలోచన మానుకోవడం మంచిది.

పరీక్ష పెట్టేది మీరు కాకూడదు, ఆయనా కాకూడదు. మీ ఇద్దరి వైపు చుట్టరికం లేని రిటైర్డ్ టీచర్ ఒకరిని ఇద్దరూ కలిసి ఎంచుకోండి. ఆ టీచరు మూడు నెలలకొకసారి బాబుని చూసి, ఒక పేజీ రాసి, ఇద్దరికీ ఒకే రోజు పంపాలి. చదవడం చూడాలంటే బాబు ఎన్నడూ చూడని పేజీలోంచి వంద మాటలు చదివించాలి. అయిదు లోపు తప్పులు పోతే ఆ తరగతి వాచకం సరిపోతుంది. పది దాటితే కింది తరగతి వాచకానికి దిగాలి. తప్పులు ఒత్తుల దగ్గరా, గుణింతం దగ్గరా, మాట మింగేయడంలోనా అన్నది విడిగా రాయాలి. గణితంలో 402 లోంచి 178 తీసేయమనండి. 224 రావాల్సిన చోట 376 వస్తే పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడని అర్థం. పైదేదో కిందదేదో చూడటం లేదు. ఇంకో యాభై లెక్కలు చేయించినా అది పోదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, వందను పది కట్టలుగా విడదీసి చూపిస్తేనే పోతుంది. బాబు రాసిన కాగితాలు తేదీ వేసి, తప్పులు దిద్దకుండా, అలాగే ఫైల్లో పెట్టండి. తప్పులు లేని ఫైలును ఏ తండ్రీ నమ్మడు, ఏ కోర్టూ నమ్మదు.

తండ్రికి పనేదైనా అప్పజెప్పండి. వారంలో రెండు సాయంత్రాలు వీడియో కాల్‌లో అరగంట ఎక్కాలు, లెక్కలు ఆయన చెప్పవచ్చు. కాల్ ఎప్పుడు చేస్తారో, తప్పితే ఎప్పుడు పూడుస్తారో రాయాలి. 2020లో యశితా సాహు కేసులో, బిడ్డ దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకన్నా మీరే ముందుగా ఎక్కువ ఇస్తే మీ మాటకు బలం వస్తుంది. సాయంత్రం ఆటకు తోటిపిల్లలు ఎవరు, వారానికి ఎన్ని రోజులు అన్నదీ రాయండి. "పిల్లాడు ఒంటరి అయిపోతాడు" అన్న మాట ఆయన వకీలు అనకుండా ఉండరు.

అన్నిటికీ మించి, తిరిగొచ్చే తేదీ. జూన్‌లో మొదలుపెడితే సంక్రాంతి సెలవుల్లో ఇద్దరూ ఆ రిటైర్డ్ టీచరు రాసిన కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోవాలి. వరుసగా రెండుసార్లు వెనకబడితే బడికి పంపాలి, ఆ మాటకు కట్టుబడి ఉండాలి. ఆ వాక్యం మీ అంతట మీరే రాసిస్తే ఆయన ఒప్పుకునే వీలుంది.

ఏం పోతుందో కూడా తెలుసుకుని దిగండి. తల్లికి వందనం పథకంలో తల్లి ఖాతాలో పడే 13,000 రూపాయలు బడిలో పేరుండి, 75 శాతం హాజరున్న పిల్లలకే. ప్రభుత్వ బడిలో ఇచ్చే మధ్యాహ్న భోజనం, పుస్తకాల కిట్టు కూడా అక్కడ పేరున్న పిల్లలకే. నవోదయ ఆరో తరగతి ప్రవేశానికి 3, 4, 5 తరగతులు గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలన్న నిబంధన ఉంది. వెన్నెలవలస నవోదయ మీద మీ ఇద్దరిలో ఎవరికి ఆశ ఉన్నా ఇప్పుడే చెప్పుకోండి. బడి మాన్పించే రోజున టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల కార్డుల నకళ్లు తీసుకోండి. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ నమోదు యూడైస్‌లో బాబుకున్న శాశ్వత విద్యా నంబరు (పెన్) రాసి పెట్టుకోండి, మళ్లీ చేర్చేటప్పుడు కొత్త బడి ఆ నంబరుతోనే వివరాలు తెచ్చుకుంటుంది. బడి బయట పిల్లల లెక్కకు విద్యాశాఖ క్షేత్ర సిబ్బంది సీఆర్పీ గానీ సచివాలయం నుంచి విద్యా సహాయకులు గానీ ఇంటికి రావచ్చు. వాళ్లతో గొడవ పడొద్దు, ఫైలు చూపించండి.

ఇద్దరూ ఒప్పుకుంటే సంతకాలతో వదిలేయకండి. విడాకుల కేసులోనే ఉమ్మడి మెమో వేసి కోర్టు ఉత్తర్వులో చేర్పించుకోండి. ఒప్పుకోకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి మధ్యవర్తిత్వం అడగండి. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలు సాయం ఉచితం, ఫోను 15100. అక్కడా తెగకపోతే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద, నడుస్తున్న కేసులోనే మధ్యంతర దరఖాస్తు వేయాలి. ఎదుటివారికి నోటీసు అందాక సాధ్యమైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని ఆ సెక్షన్లోనే ఉంది. ఆ దరఖాస్తుకు పైన చెప్పిన కాగితమే ప్రాణం. అది తేలేదాకా బాబుని బడి మాన్పించకండి.

ప్రశ్న: మా పాపకి పదేళ్లు, అయిదో తరగతి. నేను విజయనగరంలో, నా భార్య పాపతో చీపురుపల్లిలో. నాకు ఒక్క మాట చెప్పకుండా బడి నుంచి టీసీ తీసేసుకుంది. ఏదో ఆన్‌లైన్ బడిలో చేర్పించానంటోంది. హెచ్.ఎం. గారిని అడిగితే "తల్లి సంతకం చేసింది, ఇచ్చేశాం" అన్నారు. పోలీసులకి ఫిర్యాదు చేయమని మావాళ్లు అంటున్నారు. ఇంకా ఏ కేసూ వేయలేదు. – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: పోలీస్ స్టేషన్లో తేలే సంగతి కాదిది. పాప తన తల్లి దగ్గరే ఉంది, నేరమేదీ జరగలేదు. స్టేషన్ మెట్లెక్కితే ఇన్నాళ్లూ మిగిలిన కాస్త మాటా పోతుంది. హెచ్.ఎం. గారినీ తప్పు పట్టలేం. కోర్టు ఉత్తర్వు లేనప్పుడు తల్లి అడిగితే కాదనడానికి ఆయన దగ్గర ఆధారం లేదు.

ఈ వారంలోనే రెండు ఉత్తరాలు రాసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు దాచండి. మొదటిది బడికి: పాప హాజరు, మార్కుల నకళ్లు ఇమ్మని, పాప మళ్లీ చేరినా ఏ కాగితం అడిగినా మీకూ తెలియజేయమని. రెండోది మీ భార్యకు. కోపం, నింద ఒక్క మాట కూడా ఉండకూడదు, ఎందుకంటే రేపు ఆ ఉత్తరం జడ్జి చదువుతారు. ఆన్‌లైన్ బడి పేరు, దానికి గుర్తింపు ఇచ్చిందెవరు, యూడైస్ కోడ్ ఉందా, రోజుకి ఎన్ని గంటలు, పరీక్ష ఎవరు పెడతారు, బడి మాన్పించాల్సినంత కారణం ఏమిటి – ఇవి అడగండి. ఆ చివరి ప్రశ్న నిజంగా తెలుసుకోవాలనే అడగండి. బడిలో పాపకి ఏదైనా జరిగి, మీకు చెప్పలేక తల్లి తీసేసి ఉండవచ్చు.

ఆన్‌లైన్ బళ్ల సంగతి జాగ్రత్త. చాలావాటికి ఏ బోర్డు గుర్తింపూ ఉండదు. "పదో తరగతి నియోస్ ద్వారా రాయిస్తాం" అంటారు. నియోస్ అంటే జాతీయ ఓపెన్ స్కూల్. అందులో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా తమంతట తాము చేరవచ్చు. అంటే మధ్యలో కట్టే నాలుగేళ్ల ఫీజుకి చేతికొచ్చే పట్టా ఏమీ లేదు, పాఠాలు మాత్రమే. ఆ పాఠాలు బాగుంటే బాగున్నాయనుకోవచ్చు, వాళ్లిచ్చే సర్టిఫికెట్ చూసి మాత్రం మోసపోవద్దు. మీ పాప అయిదులో ఉంది కాబట్టి ఇంకో తొందర ఉంది. కిల్తంపాలెం నవోదయ పరీక్షకు అయిదో తరగతి ఇదే జిల్లాలో చదువుతూ ఉండాలి. కోరుకొండ సైనిక్ స్కూల్ ఆరో తరగతికి వయసు పది నుంచి పన్నెండు మధ్య ఉంటే చాలు. ఆ పరీక్ష 300 మార్కులు, అందులో గణితమే 150. ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. ఇంట్లో చదివినా ఆ తలుపు మూసుకుపోదు, తొమ్మిదో తరగతి ప్రవేశానికైతే గుర్తింపు ఉన్న బడిలో ఎనిమిది పాసై ఉండాలి.

రెండు వారాలు చూసినా జవాబు రాకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కుటుంబ న్యాయస్థానంలో జి.డబ్ల్యు.ఓ.పి., అంటే సంరక్షకత్వం కేసు, వేయవచ్చు. ఆ చట్టం సెక్షన్ 12 కింద వెంటనే మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. ఏం అడుగుతారన్నదే ముఖ్యం. "పాపని నాకు ఇప్పించండి" అని మొదలుపెడితే అది తల్లి నుంచి బిడ్డను లాక్కునే కేసవుతుంది, ఏళ్లు పడుతుంది. "కేసు తేలేదాకా పాపను గుర్తింపు ఉన్న బడిలో చేర్చాలి, లేదంటే మూడో మనిషి చేత పరీక్ష చేయించి నివేదిక తెప్పించాలి, నాకు వారానికి ఇన్నిసార్లు మాట్లాడే వీలు ఇవ్వాలి" అని అడిగితే త్వరగా తేలే వీలుంది. పదేళ్ల పాప అభిప్రాయాన్ని జడ్జి ఛాంబర్లో కూర్చోబెట్టుకుని అడగవచ్చు. ఏం చెప్పాలో నేర్పి పంపితే రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది, నష్టం నేర్పినవారికే.

సెలవు రోజున పాపని తీసుకెళ్లి విజయనగరంలో వేరే బడిలో చేర్చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆవిడ చేసిన తప్పే మీరూ చేసినట్టవుతుంది.

ప్రశ్న: మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, తొమ్మిదేళ్లు. నడవలేడు, మాట కొద్దిగా. మా ఆయన వేరే ఉంటున్నారు, "బడి ఎందుకు, ఇంట్లో ఉంచు" అంటారు. నాకు బడికి పంపాలనుంది. ఎవరి మాట చెల్లుతుంది? – ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: విద్యా హక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువును ఎంచుకోవచ్చు. ఇది బిడ్డకున్న వెసులుబాటు, బిడ్డను ఇంట్లో దాచిపెట్టడానికి పెద్దలకిచ్చిన అనుమతి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 31 ప్రకారం, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న బిడ్డకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. మీ మాటకే బలం ఎక్కువ.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ లేకపోతే ముందు అది తీసుకోండి. తర్వాత మండల విద్యా కార్యాలయంలో మీ దగ్గరి భవిత కేంద్రం ఎక్కడో అడగండి. ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు, ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. బాబు పేరు ఊళ్లోని ప్రభుత్వ బడిలోనే ఉండాలి, ఇంటికొచ్చి చెప్పే చదువైనా ఆ పేరు మీదే నడవాలి. రోజంతా కూర్చోలేకపోతే వారంలో రెండు పూటలు కేంద్రానికి, ఒకటి రెండు పూటలు బడికి, తక్కినవి ఇంట్లో అని మొదలుపెట్టవచ్చు. బడికి వెళ్లి ముందుగా చూడాల్సినవి మూడు: గేటు నుంచి తరగతి దాకా చక్రాల కుర్చీ వెళ్తుందా, మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీ ఉందా, బాబు కూర్చునే బల్ల ఎత్తు సరిపోతుందా. కాళ్లు నేలకు ఆనకుండా వేలాడితే నడుం నిలవదు, చేయి రాతకు తిరగదు. పాదాల కింద చెక్కపీట పెట్టించండి.

మీవారి మాట వెనక భయమో సిగ్గో ఏదైనా ఉండవచ్చు. ఒకసారి భవితలో ఫిజియోథెరపీ జరిగే రోజున రమ్మనండి, వస్తే మంచిదే. రాకపోయినా ఆగకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండు. వెయిట్ లిఫ్టింగ్‌లో బాగా చేస్తోంది. వాళ్ల నాన్న బడి మాన్పించి పూర్తిగా శిక్షణలో పెడతానంటున్నారు. నేను ఒప్పుకోలేదు. – ఒక తల్లి, నెల్లిమర్ల

జవాబు: ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది. కొండవెలగాడ పిల్లలు పతకాలు తెస్తూనే ఉన్నారు. ఆ తండ్రి ఆశను తప్పు పట్టలేం. కానీ పన్నెండేళ్ల ఒంటికి రోజంతా బరువులు మోసే పని లేదు. పొద్దుటి పూట, సాయంత్రం పూట చేసే శిక్షణ చాలు, మధ్యలో బడి పడుతుంది. పోటీలకు వెళ్లిన రోజుల ధ్రువపత్రాలు హెచ్.ఎం. గారికిస్తే హాజరు సర్దుబాటు గురించి మాట్లాడవచ్చు. బడుల పోటీల్లో ఆడాలన్నా బడి పేరు కావాలి. ఓపెన్ స్కూల్ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి, అప్పుడు మళ్లీ ఆలోచించుకోండి. మీ మాట సబబైనది.

ప్రశ్న: పాప ఇంట్లోనే చదువుతోంది కదా, ఫీజు లేనప్పుడు డబ్బెందుకు అని మా ఆయన నెలనెలా ఇచ్చేది ఆపేశారు. – నరసన్నపేట

జవాబు: ఆపకూడదు. పోషణ అంటే తిండి, బట్ట, గూడు, చదువు, వైద్యం అని 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం చెబుతోంది. బడి ఫీజు అందులో ఒక ముక్క మాత్రమే. పోషణ ఉత్తర్వు ఉంటే దాన్ని అమలు చేయమని అడగండి. లేకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద దరఖాస్తు వేయండి. మధ్యంతర పోషణను కూడా నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని ఉంది. 2020 నాటి రజనీశ్–నేహా తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంగా ఇవ్వాలి. మీ దాంట్లో ఇంటి చదువు ఖర్చు విడిగా చూపండి: పుస్తకాలు, నోట్‌బుక్కులు, ప్రింట్లు, నెట్, ట్యూషన్ టీచరు, ఆట, దారి ఖర్చు. చదువు కోసం మీరు మానుకున్న పని గంటలు కూడా రాయండి.

ప్రశ్న: పాప రెండేళ్లుగా సోంపేటలో అమ్మమ్మ దగ్గర. నేను చెన్నైలో, ఆయన హైదరాబాద్‌లో. చదువు గురించి కేసు వేయాలంటే ఎక్కడ?

జవాబు: సంరక్షకత్వం కేసు బిడ్డ మామూలుగా నివసించే చోటే వేయాలి, అంటే శ్రీకాకుళం జిల్లా. కేసు కోసం పాపను చెన్నైకో హైదరాబాద్‌కో మార్చినా, కొత్త చిరునామా చూసి కోర్టు పరిధి మారదు. అమ్మమ్మ గారి దగ్గర పాప ఆధార్, జనన ధ్రువపత్రం, బడి కాగితాల నకళ్లు ఉన్నాయో లేదో ముందు చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడున్నర. పదో తరగతి ఓపెన్‌లో రాయించాలని ఇద్దరం ఒప్పుకున్నాం. రాష్ట్ర ఓపెన్ స్కూల్ అని నేను, నియోస్ అని వాళ్లమ్మ. ఏది మంచిది? – ఒక తండ్రి, రాజాం

జవాబు: అబ్బాయి తెలుగులో రాస్తాడా, పై చదువు మన రాష్ట్రంలోనేనా? అయితే రాష్ట్ర ఓపెన్ స్కూల్ సులువు. కేంద్రాలు దగ్గరగా ఉంటాయి, అడిగి తెలుసుకోవడానికి మనుషులు దొరుకుతారు. వేరే రాష్ట్రానికి వెళ్లే వీలుంటే, నియోస్. ఏది పాసైనా ఇంటర్‌లో చేరవచ్చు. నియోస్‌లో కనీసం అయిదు సబ్జెక్టులు, అందులో ఒకటైనా భాష. పాసుకి 33 శాతం. ఒకసారి నమోదైతే అయిదేళ్లు, తొమ్మిది అవకాశాలు. ఏప్రిల్–మే ఒక విడత, అక్టోబర్–నవంబర్ ఒక విడత. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులున్నాయి. చాలామంది చివరి తేదీ దాటేసి ఆ మార్కులు పోగొట్టుకుంటారు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ ఆశ ఉంటే సులువని వేరేవి పెట్టకుండా గణితం, సైన్స్ తీసుకోండి. సైన్స్‌కి ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటికి తప్పక హాజరుకావాలి. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, పదో తరగతి స్థాయి చదవగలనన్న స్వీయ ధ్రువపత్రంతో నియోస్ చేర్చుకుంటుంది. "మీరు రాయక్కర్లేదు, పాస్ మాది" అనే బ్రోకర్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి; పట్టుబడితే పోయేది అబ్బాయి పట్టా.

దరఖాస్తు నింపేటప్పుడు విడిపోయిన తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పొరపాటు పేర్ల దగ్గరే. కోపంలో తండ్రి పేరు వదిలేయడమో, తల్లి పుట్టింటి ఇంటిపేరు రాయడమో చేస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాత మార్కుల కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. ఇంటర్ చేరేటప్పుడో, పాస్‌పోర్టుకో ఈ తేడా బయటపడి పిల్లవాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. జనన ధ్రువపత్రం, ఆధార్, పాత టీసీ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే నమోదుకి ముందే జనన ధ్రువపత్రం ఇచ్చిన పంచాయతీ లేదా మున్సిపాలిటీలోనో, ఆధార్ కేంద్రంలోనో దిద్దించండి. అబ్బాయికి పద్నాలుగు నిండడానికి ఇంకా ఆరు నెలలుంది, ఆ పని ఈలోగా అయిపోతుంది.